కొండల పక్క ఊళ్లో రెండు వేసవులు

అరబ్బు దేశంలో, జహ్రా అనే ఊళ్లో నేను పనిచేసే ఇంటి పెద్దావిడను పెద్ద మామా అంటాం; అక్కడ మామా అంటే అమ్మ. ఎండలు ముదిరితే ఆమెకు ఊపిరాడదు. అందుకని ఆమె కొడుకు ఇంగ్లండులో ఒక చిన్న ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకుని, వేసవిలో మా ఇద్దరినీ అక్కడ ఉంచేవాడు. ఒకటే వీధి, రాతి ఇళ్లు. చివరి ఇల్లు దాటితే నేషనల్ పార్కు కొండలు, వాటి మీద గొర్రెలు, మబ్బు. కడప ఎండలో పుట్టినదాన్ని, ఆషాఢంలో స్వెట్టరు వేసుకుని గిన్నెలు తోమాను.

పక్కింట్లో ఒక ముసలామె ఒంటరిగా ఉండేది. సాయంత్రాలు వచ్చి మామా పక్కన బెంచీ మీద కూర్చునేది. ఒకరిది అరబ్బీ, ఒకరిది ఇంగ్లీషు. నడుమ నాకొచ్చిన నాలుగు ముక్కలు.

"ఏమంటోంది?" అనేది మామా.

"ఆమె మొగుడు ఈ కొండల్లోనే గొర్రెలు కాసేవాడంట."

"మా ఆయనకు ఒంటెలుండేవని చెప్పు."

ఒంటెను ఇంగ్లీషులో ఏమంటారో తెలియక వీపు వంచి మూపురం చూపించాను. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆ చలికాలం నేను జహ్రాలో ఉండగా మా అక్క పోయింది. తల్లి లేని నన్ను పెంచింది ఆమే. బావ ఫోను చేశాడు. "నువ్వు యాడొచ్చావులేమ్మా. ఈడ అంతా అయిపాయ." ఆ రోజు ఇంట్లో విందు. అన్నం పళ్లేలు మోస్తూ ఉండిపోయాను. కన్నీరు రాలేదు. తరవాతా రాలేదు.

మళ్లీ వేసవికి వెళితే పక్కింటికి తాళం. ఆమె చలికాలంలోనే పోయిందని మాంసం కొట్టాయన చెప్పాడు. మామా కర్ర అందుకుని, "యల్లా, చూసొద్దాం" అంది.

చర్చి వెనక వాలులో ఉంది సమాధి. మామా అరచేతులెత్తి ప్రార్థించింది. పక్కన నిలబడ్డ నాకు ఉన్నట్టుండి ఏడుపు పొంగింది. అక్కా అంటూ తడిగడ్డిలో కూలబడ్డాను.

"నువ్వేడ్చేది ఈమె కోసం కాదు" అంది మామా.

అక్క పోయిన సంగతి చెప్పాను.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఇంటినిండా చుట్టాలున్నారు మామా."

ఒంటి మీది నల్ల అబాయా తడుస్తున్నా ఆమె నా పక్కనే కూర్చుంది.

జహ్రాకు తిరిగొచ్చాక కొడుకును పిలిచి నేను ఊరెళ్లడానికి సెలవు ఖాయం చేసింది. అక్క సంవత్సరీకానికి ఊళ్లో ఉన్నాను. బావ చేను గట్టు దాకా తీసుకుపోయి, "ఈడేమ్మా మీయక్కను పెట్టింది" అని చూపించి, నన్ను వదిలి దూరంగా వెళ్లి నిలబడ్డాడు.