అక్క సైకిలు వెనకాల

ఇప్పటివరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. పోర్చుగల్ పల్లెల్లో అక్కా నేనూ సైకిళ్ల మీద తిరిగిన ఆ వసంతంలో, ఎత్తు వచ్చిన ప్రతిచోటా నేను కావాలనే వెనకబడేదాన్ని. కాళ్లు నొప్పులని చెప్పేదాన్ని గానీ, నిజానికి ముందు వెళ్తున్న అక్కను కాస్త దూరం నుంచి కళ్లనిండా చూసుకోవడమే నాకు కావలసింది. ఆ సంగతి డైరీలో కూడా రాసుకోలేదు.

మొన్న శనివారం సియాటెల్ పక్కన మా బాతెల్‌లో ఇండియన్ స్టోర్‌కి వెళ్తే, కొత్తిమీర కట్టల మీద అప్పుడే నీళ్లు చల్లి ఉన్నారు. ఒక కట్ట అందుకుని వాసన చూశాను. అంతే, చేతిలో బుట్ట, బిల్లు దగ్గర వరుస, బయటి చినుకులు అన్నీ వెనక్కి జరిగిపోయి, తెల్లగోడల అడుగున నీలిరంగు పట్టీ వేసుకున్న ఒక చిన్న ఊరు కళ్ల ముందు నిలిచింది.

అక్క నాకు తోడబుట్టిన మనిషి కాదు. ఉద్యోగానికని నేనీ ఊరు వచ్చినప్పుడు తన అపార్ట్‌మెంట్‌లో రెండో గది ఇచ్చిన వరంగల్ అమ్మాయి. నాకంటే పెద్దది కనుక మొదటిరోజే అక్కా అన్నాను. కొత్తవాళ్ల ముందు నోరు పెగలని నన్ను, సెలవురోజుల్ని పుస్తకం చాటున గడిపేసే నన్ను, ఏటి పక్క ట్రైల్‌కి లాక్కెళ్లి సైకిలు నేర్పింది. పడిపోతే లేపేది కాదు, పక్కన నిలబడి పకపకా నవ్వేది. పోర్చుగల్ ఆలోచనా తనదే. షెంగెన్ వీసాలు వచ్చాయి, టికెట్లు బుక్ చేశాం, ఇంతలో అక్క ఉద్యోగం పోయింది.

హెచ్-వన్ వీసా మీద బతికినవాళ్లకు ఆ భయం చెప్పనక్కర్లేదు. గడువులోగా ఇంకో కంపెనీ చూసుకోవాలి. ఈలోపల దేశం దాటితే, కొత్త కంపెనీ ఏదైనా పిటిషన్ వేసి, పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ అయ్యేదాకా తిరిగి రావడం కుదరదు. దేశం ఆ చివరనున్న షాంటిలీ నుంచి వాళ్ల బావ ఫోన్ చేసి కోప్పడుతుంటే, అక్క స్పీకర్ ఆన్ చేసి వంకాయలు తరుక్కుంటూ కూర్చుంది.

"పిచ్చి లేసిందా నీకు? టికెట్ పైసలు పోతే పోనీ. ఈడనే కూసొని అప్లై చెయ్యి."

"కూసుంటే జాబ్ నడుసుకుంట వస్తదా బావా? ఫైనల్ రౌండ్ అయిపోయింది, మెయిల్ పెడ్తమన్నరు. ఆ మెయిల్ పోర్చుగల్‌ల గూడ ఓపెన్ అయితది."

అలా నవ్వించి ఫోన్ పెట్టేసింది గానీ, ఆ తర్వాత వంకాయ ముక్కలు నీళ్లలో వేయడం మరిచిపోయి నల్లబడనిచ్చింది. గది గదిలాగే వదిలేసి, పక్క మీద దుప్పటి కూడా మడవకుండా, రేపో మాపో తిరిగి వచ్చే మనిషిలాగే బయలుదేరింది. నా పాస్‌పోర్టులో స్టాంపు కొత్తది, నాకే భయమూ లేదు. ఆ మెయిల్ రావాలని మాత్రం ఆమెకంటే నేనే ఎక్కువ మొక్కుకున్నాను.

అక్కడి దారులు ఎంత ఖాళీగా ఉండేవో! బెరడు ఒలిచేసిన చెట్లు కాండం ఎర్రబడి నిలబడి ఉండేవి. వాటి బెరడుతోనే సీసా బిరడాలు చేస్తారట. కరెంటు స్తంభాల మీద కొంగలు గూళ్లు కట్టుకుని మమ్మల్ని వింతగా చూసేవి. మలుపు తిరిగి కనుమరుగయ్యే ముందు అక్క ఒక్కసారి బెల్లు కొట్టేది, నేను కొట్టి జవాబిస్తే గానీ ముందుకు కదిలేది కాదు. సాయంత్రం ఏ ఊరు చేరినా ముందుగా సిగ్నల్ వెతుక్కుని మెయిల్ చూసేది. చూసి, ఫోన్ జేబులో వేసి, "ఆకలైతుందే" అనేది. రాలేదని అర్థం. ఇంకొక రోజు ఆశ ఉందని కూడా అర్థం.

సైకిలు సంచిలో మాతో కందిపొడి వచ్చింది. ఇల్లు కదిలితే పొడి డబ్బా కదలవలసిందే కదా! ఒక మధ్యాహ్నం చిన్న హోటల్లో ఒక ముసలమ్మ రొట్టెముక్కల మీద కొత్తిమీరా వెల్లుల్లీ నూరి వేసిన వేడి పులుసు పోసి, గుడ్డు పెట్టి తెచ్చింది. వాసనకే మాకు ప్రాణం లేచివచ్చింది. అక్క డబ్బా తీసి పొడి చల్లుకోబోతే, ఆ అమ్మ చేయి చాచి తానూ రవ్వంత అడిగి నాలుక మీద వేసుకుంది. కళ్లు పెద్దవి చేసి, దగ్గి, మళ్లీ చేయి చాచింది.

"చూడు, ఈమె మా అమ్మమ్మకు చెల్లెలు లెక్కనే ఉన్నది," అని అక్క నవ్వుతుండగానే మెయిల్ వచ్చినట్టు ఫోన్ మోగింది.

చదివింది. ముఖంలో ఏమీ మారలేదు. ఆ ఉద్యోగం ఇప్పట్లో ఎవరికీ ఇవ్వడం లేదని రాశారట. అక్క పులుసు చివరిదాకా తిని, గిన్నె రొట్టెతో తుడిచి, లేచి నిలబడింది.

"పా, ఎండ ముదురుతుంది."

ఆ పూట మాత్రం అక్క ముందు పోలేదు. సముద్రం కనిపించేదాకా ఇద్దరం పక్కపక్కనే తొక్కాం. అంత దగ్గరగా ఉండి అంత దిగులుపడిన రోజు నా జీవితంలో మరొకటి లేదు.

ఇప్పుడు అక్క హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది, కారులో ఆఫీస్‌కి వెళ్తుంది, ఆ ట్రాఫిక్‌లో సైకిలేం తొక్కుతానంటుంది. మా మాటలు పుట్టినరోజు మెసేజీల దాకా కుదించుకుపోయాయి. నేనూ కొంత మారాను. మీటింగుల్లో గొంతెత్తి మాట్లాడుతున్నాను, పంక్చర్ నేనే వేసుకుంటున్నాను. అయినా ఏ కొత్త దారి చూసినా, దీని మీద అక్క ఎలా వెళ్లేదో అనుకోకుండా ఉండలేను. ఆనాడు లిస్బన్ ఎయిర్‌పోర్ట్‌లో తను హైదరాబాద్ వైపూ నేను సియాటెల్ వైపూ విడిపోతున్నప్పుడు, దారంతా కూడబెట్టుకున్న మాటల్లో ఒక్కటీ నా నోట పలకలేదు. అక్కే నా జాకెట్ జిప్పు మెడదాకా లాగి, నా ముఖం వైపు చూడకుండా అంది:

"నా రూమ్ ఖాళీగ ఉంచకే. మంచి పిల్ల దొరికితే ఇచ్చెయ్."