జామ్ అత్తయ్య చూసే మొహాలు

చిన్న చిన్న ఆహార తయారీదారులు ఆన్‌లైన్ అమ్మకాలకు ఎంతవరకు సిద్ధంగా ఉన్నారో తెలుసుకు రమ్మని, నలభై ప్రశ్నల కాగితం చేతికిచ్చి మా ఆఫీసు నన్ను వీధులమీదకు తోలింది. ఆ వీధిలో అందరూ ‘జామ్ అత్తయ్య’ అని పిలిచే ఆవిడ ఇంట్లో సగం ప్రశ్నల దాకా అన్నిటికీ అవుననే జవాబు. ఫోను ఉంది, లేబుళ్ళు ఉన్నాయి, అట్టపెట్టెలు ఉన్నాయి, పార్సిల్ తీసుకెళ్ళే మనిషి రోజూ వస్తాడు. అయినా అమ్మకాలు సాగట్లేదన్నారు. ఎందుకో నాకు అంతుచిక్కలేదు.

"రెండు సీసాలు తిరిగొచ్చాయండీ," అంది కోడలు. ఫోనులో ఆర్డర్లు చూసేది ఆమే. "సీలు తెగి ఉందట, ఎవరో ఎంగిలి చేశారట. ఇంకొక్కటి వెనక్కొస్తే మా పేరు తీసేస్తామన్నారు ఆన్‌లైన్ వాళ్ళు. బజార్లో కొట్టు కిందటేడే ఎత్తేశాం. ఇదీ పోతే పొయ్యి ఆర్పుకోవడమే."

"సీలు ఎవరు తీశారు?"

కోడలు అత్తగారి వైపు చూసింది. అత్తగారు "పొయ్యి మీద గిన్నె ఉంది" అంటూ వంటగదిలోకి జారుకుంది.

ఇతరుల విషయాల్లో తలదూర్చే గుణం నాకు పుట్టుకతో వచ్చింది. కాగితం మడిచి ఆవిడ వెనకే వెళ్ళాను. గోడవారన కడిగి బోర్లించిన సీసాలు, గిన్నెలో ఉడుకుతున్న నారింజ జామ్.

"నేనే తీశానమ్మా," అంది గరిటె తిప్పుతూ. "కొట్టులో ముప్ఫై ఏళ్ళూ అలాగే అమ్మాను. మూత తీసి ఒక చెంచాడు పెట్టి, తిన్నవాళ్ళ మొహం చూసి, అప్పుడు బిగించి ఇచ్చేదాన్ని. ఇప్పుడు కొనేవాళ్ళు కనబడరాయె. అందుకని పార్సిల్ ఆయనకి పెట్టి ఆయన మొహం చూశాను."

నాకు నవ్వాగలేదు. "మీరే రుచి చూసుకోవచ్చు కదండీ!"

గరిటె ఆగిపోయింది. "ఆరేళ్ళ కిందట జ్వరమొచ్చి రుచీ వాసనా రెండూ పోయాయి. ఎవరికీ చెప్పలేదు."

నవ్వినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. ఆరేళ్ళుగా ఈవిడ జనం మొహాలు చూసి జామ్ చేస్తోంది! కనుబొమలు ముడిపడితే పంచదార తగ్గించింది, ఇంకో చెంచా అడిగితే అవే పాళ్ళు గుర్తుపెట్టుకుంది. నా నలభై ప్రశ్నల్లో ఒక్కటీ దీని దరిదాపులకు రాలేదు.

"పోనీ, మీ కోడలికి పెట్టి చూడలేకపోయారా?"

"దానికా?" ఆవిడ గొంతు తగ్గించింది. "బంగారంలాంటి పిల్ల. ఏం పెట్టినా 'బాగుంది అత్తయ్యా' అంటుంది. ఓసారి పంచదార అనుకుని ఉప్పు పోశాను. అప్పుడూ అదే మాట. అలాంటి మొహం చూసి ఏం తెలుసుకోను?"

వెనక్కి తిరిగేసరికి గుమ్మంలో కోడలు. అంతా విన్నదని ఆమె కళ్ళే చెప్పాయి.

ఆమె లోపలికొచ్చి పొయ్యి కట్టేసి, గిన్నెలోంచి ఒక చెంచాడు తీసి, ఊదుకుని నోట్లో పెట్టుకుంది. సాయంత్రం వెళ్ళాల్సిన పన్నెండు సీసాల జామ్ అది. అత్తగారు ఆమె మొహంలోకే చూస్తోంది.

"బా..." అని ఆగిపోయింది కోడలు. గుటక వేసింది. "అడుగంటింది అత్తయ్యా. చేదుగా ఉంది."

మాటల్లో పెట్టి గరిటె ఆపించింది నేనే. ఎటు చూడాలో తెలియలేదు.

"ఏమన్నావ్?" అంది అత్తగారు.

"చేదుగా ఉంది. దీన్ని పంపితే మూడోది కూడా తిరిగొస్తుంది. పారబోసి మళ్ళీ చేద్దాం, కాయలు నేను కోస్తాను. ఇకమీదట సీసాల్లో పొయ్యకముందే నాకు పెట్టండి. సీలు మాత్రం ముట్టుకోకండి."

ఆవిడ చేతిగుడ్డతో కళ్ళు ఒత్తుకుంది. "కాపురానికొచ్చిన పన్నెండేళ్ళకి నా వంటకి వంక పెట్టావే!" అంటూ సంబరంగా కోడలి చేతికి మళ్ళీ చెంచా అందించింది. "ఇంకొంచెం తిను. ఎంత చేదో సరిగ్గా చెప్పు."