మేక పాటకు పదకొండు తప్పులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. లాక్‌డౌన్‌లో ఇంటికి ఐదు కిలోమీటర్లు దాటి వెళ్ళకూడదన్నారు గానీ, ఇంట్లో కూర్చుని ఎదుటివాళ్ళ తప్పులు పట్టడానికి ఎవరూ హద్దు పెట్టలేదు. పగలంతా దేశం కాని దేశంలో, బ్లాంచర్డ్స్‌టౌన్‌లోని అద్దె గదిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ (అంటే ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి జాబితా రాయడం, దానికి జీతం కూడా ఇచ్చేవారు), సాయంత్రం సంగీతం. పక్క ఊరు క్లోనీలో ఉండే స్నేహితుడొకడు, మేక వానలో తడుస్తూ ఇల్లు వెతుక్కునే వీడియో గేమ్ తయారుచేస్తూ, దానికి బాణీలు కట్టమని మా తెలుగువాళ్ళను ఐదారుగురిని ఒక గ్రూపులో చేర్చాడు. ఒకరు కట్టింది మిగతావాళ్ళు విని అభిప్రాయం చెప్పాలి. నా బాణీకి అందరూ "సూపర్ బ్రో" అన్నారు. నేనూ అంతే అనుకున్నాను.

ఒకరోజు గ్రూపులోని కార్క్ అక్క (కార్క్ నగరంలో మందుల ఫ్యాక్టరీలో పని, చిన్నప్పుడెప్పుడో హార్మోనియం నేర్చుకుందట) భయపడుతూ తన మొదటి బాణీ పెట్టింది. "నవ్వకండి బాబూ, ఎలా ఉందో చెప్పండి" అంది. నేను నవ్వలేదు. అంతకంటే ఘోరం చేశాను. ఆఫీసు అలవాటు కొద్దీ పదకొండు తప్పులకు నంబర్లు వేసి, ఒక్కోదాని పక్కన తీవ్రత కూడా రాసి పంపాను. "నాలుగో తప్పు: వేణువు అర మాత్ర ఆలస్యం. తీవ్రత: ఎక్కువ. తప్పు మళ్ళీ కనబడాలంటే: ప్లే నొక్కండి." ఆ తర్వాత కార్క్ అక్క గ్రూపులో నోరు విప్పలేదు. అలా పది రోజులు గడిచాయి.

మా ఇంట్లో పక్క గదిలో ఒక డాక్టరన్న ఉండేవాడు. వరంగల్ మనిషి. డ్యూటీ నుంచి వచ్చి, ముఖం మీద మాస్కు గీతలతో టీ తాగుతుంటే నా జాబితా చూపించాను, కాస్త గర్వంగానే.

"ఏందిరా ఇది? పాట ఇన్నవా, పోస్టుమార్టం చేసినవా?"

"ఉన్న తప్పులే కదన్నా రాశాను."

"ఉంటయ్‌రా, ఎందుకుండయ్? పేషెంటుకు పదకొండు రోగాలున్నా ముందుగాల కూసోమంటం. ఆమెను నువ్వు కూసోమన్నవా?"

మొదటిసారి ధైర్యం చేసిన మనిషి నా వల్ల సంగీతం మానేస్తే? మర్నాడు గిన్నెలు తోముతూ ఏదో కూనిరాగం తీస్తున్నాను. కాసేపటికి గానీ తెలియలేదు, అది నా బాణీ కాదు. కార్క్ అక్కది, ఆలస్యంగా వచ్చే వేణువుతో సహా. తడి చేతులతోనే ఫోన్ తీసి రాశాను: "అక్కా, క్షమించు. నీ బాణీ నా నోట్లో ఆడుతోంది. ముందు చెప్పాల్సింది అది. దయచేసి మానెయ్యకు."

సాయంత్రానికి కొత్త రికార్డింగ్ వచ్చింది, కింద జవాబుతో.

"మొదటి రోజు ఏడ్చాను తమ్ముడూ, అబద్ధమెందుకు? కీబోర్డు మంచం కిందికి తోసేశా. తర్వాత నీ మీద కోపంతోనే బయటికి లాగా. నీ పదకొండులో ఏడు దిద్దుకున్నా. మిగతా నాలుగూ నావి, వాటి జోలికి రాకు. మేక తడిసిపోయింది కదా, వేణువు దాంతోపాటే నెమ్మదిగా వస్తుంది. అన్నట్టు, నీ బాణీ మళ్ళీ విన్నాను. ఒక్క తప్పూ లేదు. అందుకే కాబోలు, అవగానే మర్చిపోయాను."

డాక్టరన్న అది చదివి, టీ పొలమారేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ఆ గేమ్ పూర్తికానే లేదు. నాకు తెలిసినంతవరకు మేక ఇంకా వానలోనే ఉంది. ఆ జాబితా రాసినవాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం జాలి కూడా వేస్తుంది. తప్పుల్లేని నా బాణీ ఎలా మొదలయ్యేదో నాకే గుర్తులేదు. గిన్నెలు తోముతున్నప్పుడు మాత్రం కార్క్ అక్క వేణువు వస్తుంది, అర మాత్ర ఆలస్యంగా. అది వచ్చేదాకా నేను ఆగుతాను.