ఖాళీ, ఖాళీ అని చదివిన టైంటేబుల్

హుజూరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. రోజూ కరీంనగర్ నుంచి బస్సులో వెళ్ళి వస్తాను. నాకు పుట్టుకతోనే చూపు లేదు. కాలేజీ కాగితాలు ఫోన్‌కు పంపిస్తే, అందులోని స్క్రీన్ రీడర్ పైకి చదువుతుంది, నేను వింటాను. సర్క్యులర్లు గడగడా చదివేస్తుంది. పట్టిక ఎదురైతేనే తడబడుతుంది.

ఆ ఏడు కొత్త టైంటేబుల్ వచ్చింది. ఆఫీసులో కంప్యూటర్ పని చూసే భాయ్ తయారుచేశారు. ఒకే పేజీలో కాలేజీ మొత్తం, తరగతికో రంగు. స్టాఫ్‌రూంలో అందరూ తెగ మెచ్చుకున్నారు. నా ఫోన్ మాత్రం "సోమవారం, ఖాళీ, ఖాళీ, నక్షత్రం, ఖాళీ" అంటూ పోయింది. వేళ్ళ మీద గడులు లెక్కపెట్టుకుని, బుధవారం మూడో గంట కింది గదిలో నా క్లాసని తేల్చుకున్నాను.

వెళ్ళి కాకతీయుల చెరువుల గురించి మొదలుపెట్టాను. పిల్లలు ఎన్నడూ లేనంత నిశ్శబ్దంగా విన్నారు. నాకు ఉత్సాహం వచ్చి తూముల దాకా పోయాను. అప్పుడు ముందు బెంచీ నుంచి ఒక అమ్మాయి మెల్లగా అంది.

"మేడం, మేం బీకామోళ్ళం. మా సార్ ఇయ్యాల రాలే."

"మరి ముందే చెప్పొద్దా బిడ్డా?"

"మంచిగ జెప్తుండ్రని ఊకున్నం మేడం."

గదంతా నవ్వింది, నేనూ నవ్వాను. అంతలో నాలుగో గంట మొదలై, నా బీఏ అబ్బాయి ఒకడు వచ్చి, పైన అందరూ నాకోసం ఎదురుచూస్తున్నారన్నాడు. మెట్లెక్కుతుంటే, నవ్వు పోయి చిన్నతనమనిపించింది.

సాయంత్రం భాయ్ దగ్గరికి పోయాను. "భాయ్, నీ టైంటేబుల్ నా ఫోన్ ఎట్ల చదువుతుందో జర ఇను" అని వినిపించాను.

"గిది నేను చేసిందేనా? గింత పరేషాన్ చేస్తుందా మేడం?"

ఇద్దరం కూర్చుని చిక్కు వెతికాం. అందంగా ఉంటుందని ఆయన గడులను కలిపేశారు. రోజు పేరు నాలుగు వరుసలకు కలిపి ఒక్కసారే ఉంది, అందుకే నేను వేరే తరగతి వరుసలోకి జారి గది తప్పాను. రెండు గంటల ల్యాబు ఒకే గడిలో ఉండటంతో, ఆ తరువాతివన్నీ నా లెక్కలో ఒక గంట ముందే వచ్చి, నాలుగోది మూడోదైంది.

భాయ్ ఆ పెద్ద పట్టికను తరగతికొకటిగా విడదీశారు. కలిపిన గడులన్నీ విడగొట్టి, ల్యాబును రెండు గంటల్లోనూ రాశారు. ఖాళీ గడిలో "క్లాసు లేదు" అని పెట్టారు. పై వరుసను శీర్షికగా గుర్తించమని కంప్యూటర్‌కు చెప్పారు. ఇంతా చేసి దిగులుగా అడిగారు, "రంగులు గూడ తీసెయ్యాల్నా?"

"అవి నా జోలికి రావు భాయ్. ఉండనియ్యి."

మళ్ళీ ఫోన్ తెరిచాను. "బుధవారం, నాలుగో గంట, చరిత్ర" అంది, తడబడకుండా. భాయ్ బల్ల మీద చరిచిన చప్పుడుకు పక్క గదిలోంచి ప్రిన్సిపాల్ వచ్చారు.

ఆ ఊపులోనే భాయ్ ఇంటర్నల్ మార్కుల షీటూ పట్టుకున్నారు. అది మహా చిక్కుది, ఒక్కో సబ్జెక్టు కింద రెండు పరీక్షలు, ఒక అసైన్‌మెంటు. తిప్పలు పడి సరిచేసి, నేను ఇంటికి వెళ్ళే బస్సులో ఉండగా పంపారు. ఇన్నేళ్ళూ ఎవరో ఒకరు చదివిపెడితేనే నా పిల్లల మార్కులు నాకు తెలిసేవి. ఇప్పుడు వరుస వెంట వరుస నేనే దిగుతున్నాను, కావలసినచోట ఆగుతున్నాను, వెనక్కి పోతున్నాను. క్లాసులో నోరు విప్పని అబ్బాయికి అప్పటిదాకా విన్నవాళ్ళందరికన్నా ఎక్కువ మార్కులు. నాలో నేనే నవ్వుకున్నట్టున్నాను.

పక్క సీటు అవ్వ మోచేత్తో పొడిచింది. "చెవుల పెట్టుకొని ఏం పాట ఇంటున్నవు బిడ్డా, గంత నవ్వుకుంట?"

"పాట గాదవ్వా, మా పిల్లల మార్కులు."

"అట్లనా! పాసైండ్రా మరి?"

"ఆగవ్వా, ఇంక సగంల ఉన్న" అన్నాను.