పనసపండులో పరమాత్మ

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేసే మనిషిని. చెప్పినదాంట్లో ముప్పాతిక తీసేసి మిగిలింది నమ్మండి. ఒక మనిషి తన కొంప తన నోటితోనే ఎలా కూల్చుకోగలడో తెలియడానికి ఆ పాతికే చాలు.

ఇరవై రెండేళ్ళప్పుడు టెక్కలిలో ఒక శాస్త్రిగారి దగ్గర ప్రేమపదాలకు అర్థం చెప్పడం నేర్చుకున్నాను. ఆయన సూత్రం ఒక్కటే: పాటలో ఆడది జీవాత్మ, మగాడు పరమాత్మ, మధ్యలో తగిలేదంతా మాయ. నెల తిరిగేసరికి గాజులమ్మేవాడి కేకలో కూడా నాకు వేదాంతమే వినిపించేది.

కవిటిలో మా మేనమామకు పైడమ్మ ఒక్కతే కూతురు, నాకంటే రెండేళ్ళు చిన్న. ఆమెకు నౌపడ నుంచి సంబంధం వచ్చింది. పెళ్ళికొడుకు ఉప్పు కొఠారులో గుమాస్తా. బయటివాళ్ళకు మాటిచ్చే ముందు మేనల్లుణ్ణి అడగడం మా ఇళ్ళలో ఆచారం. అందుకే మామ కబురు పెట్టాడు. నేను ఎదురుచూస్తున్నదీ ఆ కబురుకే. దారంతా కొబ్బరిచెట్లకు నా శుభలేఖ చదివి వినిపిస్తూ వెళ్ళాను.

వాళ్ళ గుమ్మం పొట్టిది, నేను తాటిచెట్టులో సగం. ఎప్పుడెళ్ళినా ద్వారబంధం నా నుదుటిని పలకరించకుండా లోపలికి పంపదు. ఆ రోజూ కోడిగుడ్డంత బొప్పి కట్టింది. నడవలో పెద్దలు కూర్చున్నారు. బావే కావాలని ఆడపిల్ల నోరు విప్పి అనకూడదు కదా, పైడమ్మ వంటింటి తలుపు చాటున పనసపండు కోస్తూ, తనే కట్టుకున్న పాట ఎత్తుకుంది:

“పనసపండు మాగినాది, వాసనంతా వీధినుంది
గుమ్మమేమో పొట్టిదాయె, తలొంచుకుని రార సామీ.”

నడవంతా నా బొప్పి వైపు చూసి ముసిముసిగా నవ్వింది. మామ చెయ్యి అప్పుడే తాంబూలం పళ్ళెం మీదికి వెళ్ళింది.

“పాటిన్నావు గదా అల్లుడూ, ఏటంతావు?”

ఇంతమంది శ్రోతలు మళ్ళీ దొరుకుతారా? బొప్పి రుద్దుకుంటూ మొదలెట్టాను. ముళ్ళ తొక్క సంసారం, జిగురు కర్మ, చేతికి రాసుకునే నూనె జ్ఞానం. పొట్టి గుమ్మం దగ్గర వంచవలసింది అహంకారం. పిక్క దగ్గరికి వచ్చేసరికి ఒక పెద్దాయన గురక పెట్టాడు. దాన్ని సమాధి అన్నాను.

“అదంతా వొగ్గెయ్,” అన్నాడు మామ. “మా గుంటకి నీ మీద మనసున్నట్టా, లేనట్టా?”

“మనిషి మీద మనసేమిటి మావా? ఈ పాటలో దేహసంబంధమే లేదు. ఉందనుకునేవాడు మూఢుడు.”

తలుపు చాటున కత్తిపీట చప్పుడు ఆగిపోయింది. మామ తాంబూలం పళ్ళెం వెనక్కి జరిపాడు.

“అయితే నౌపడోళ్ళకి కబురెట్టేత్తాను.”

అప్పుడు దిగింది నాకు మత్తు. కానీ ఇప్పుడు నోరు విప్పితే ఇందాకటి మూఢుణ్ణి నేనే అవుతాను. అంతమంది ఎదుట అవలేకపోయాను.

పెళ్ళినాడు పానకం బిందె మోస్తూ మళ్ళీ అదే గుమ్మానికి ఠపీమని కొట్టుకున్నాను. పీటల మీది నుంచి పైడమ్మ చూసింది.

“బావా, పరమాత్మకి కూడా బొప్పి కడతాదేటి?”

కాబట్టి పాఠకులారా, కవిటి పనసచెట్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ ఆడమనిషి పాట పాడినా అర్థం చెప్పను, ముందు నా తల తడుముకుంటాను. పాడేవాళ్ళెవరూ లేరనుకోండి.

ఇందులో నేను కల్పించింది ఒక్క పెళ్ళినాటి ముచ్చటే. గురక కాదు, కోడిగుడ్డంత బొప్పీ కాదు. పైడమ్మ ఆ మాట అనలేదు. నాకోసం అంత చమత్కారం ఖర్చు పెట్టే ఓపిక ఆమెకు ఎక్కడ మిగిలింది? నేను బిందెతో గుమ్మం దాటబోతుంటే, అలవాటు కొద్దీ “తల” అంది, అంతే.

ఆ ఒక్కసారి వంచాను.