మట్టి లేని టమాటాలు, పిన్నిగారి పళ్ళెం

ఆ రోజుల్లో మా భీమవరం వైపు నాలుగు బిందెల నీళ్ళు ఒకచోట నిలిస్తే చాలు, అందులో ఏ చేప వెయ్యొచ్చా అని ఆలోచించని మనిషి లేడు. వరిచేలు చూస్తూండగానే చెరువులయ్యాయి. మా ఇంటి వెనకే రొయ్యల చెరువులు తవ్వడంతో పెరట్లో ఉప్పు తేలి, గడ్డి కూడా మొలవడం మానేసింది. డిగ్రీ పూర్తిచేసి ఊరందరికీ సలహాలిస్తూ కాలక్షేపం చేస్తున్న నాకు అదేం పట్టలేదు కానీ, అమ్మకి మాత్రం పెద్ద చిక్కొచ్చిపడింది. కారణం ఎదురింటి పిన్నిగారి పళ్ళెం.

పిన్నిగారంటే చుట్టం కాదు, కిరాణా కొట్టువాళ్ళావిడ. వాళ్ళ పెరడు కాలవ వైపు కాబట్టి ఇంకా బాగా పండేది. ఇంటిపేరు చెక్కించిన స్టీలు పళ్ళెంలో బీరకాయలో వంకాయలో పంపేవారు. ఎవరి గిన్నె వాళ్ళకి ఖాళీగా తిరిగివ్వకూడదు కదా, ఒకప్పుడు అమ్మ అందులో మా పెరటి ఆనపకాయ పెట్టి పంపేది. ఇప్పుడేం పెట్టాలి? మా ఇంట్లో ఉన్నవల్లా చేపలు. వాళ్ళేమో నీసు ముట్టరు. చివరికి గుప్పెడు పంచదార (వాళ్ళ కొట్లో కొన్నదే) పోసి పంపేది. "వాళ్ళ పంచదార వాళ్ళకే పంపే బతుకైపోయిందిరా" అని ఒకరోజు కళ్ళు తుడుచుకుంది.

నాకు పౌరుషం వచ్చేసింది. "మట్టి లేకుండానే పండిస్తా, చూడు" అన్నాను. ఏదో పత్రికలో చదివిన జ్ఞానం. నీలం డ్రమ్ము నిలువునా కోయించి, ఎరువులు కలిపిన నీళ్ళు పోసి, చేపల పెట్టె తాలూకు థర్మకోల్ మూత పైన తేల్చి, దాని కన్నాల్లో కొబ్బరిపీచు కూరి టమాటా మొక్కలు నిలబెట్టాను. వేళ్ళకి గాలి అందాలని చిన్న మోటారుతో బుడగలు కూడా ఏర్పాటు చేశాను. "గోదావరి ఒండ్రు మీద పుట్టి, మట్టి లేని సేద్యమేంట్రా!" అని నాన్న నవ్వారు. కానీ మొక్కలు ఎదిగాయి, పూశాయి, పిందెలు కూడా వేశాయి. అమ్మ పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి ఆ పిందెల్ని పలకరించేది. అప్పుడే వచ్చిన పిన్నిగారి పళ్ళాన్ని కడిగి గూట్లో పెట్టుకుని, "ఇంక పంచదార పంపను. కాయలతోనే ఇస్తాను" అంది.

ఈలోగా ఇంటర్వ్యూకని రాజమండ్రి వెళ్ళొచ్చాను. వచ్చేసరికి మొక్కలన్నీ తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. మూత ఎత్తి చూస్తే ఒక్క వేరు లేదు. కింద చేపపిల్లలు తీరిగ్గా తిరుగుతున్నాయి.

"నేనే వదిలాన్రా" అన్నాడు, చెరువుల యజమాని అయిన మా బాబాయి, ఎంతో గర్వంగా. "నీళ్ళు పెట్టావు, అందులో ఏదో కలిపావు, గాలి మిషను కూడా పెట్టావు. చేప వెయ్యడం మర్చిపోయావనుకుని, మా చెరువులో మిగిలిన గడ్డిచేప పిల్లల్ని తెచ్చేశాను." (గడ్డిచేప ఏం తింటుందో దాని పేరే చెబుతుంది. చెరువుల మనిషికి నేను చెప్పాలా?)

"ఏంటయ్యా ఇది! నా పిందెలు..." అంది అమ్మ.

"పోన్లెండి వదినా, ఇవి పెద్దయ్యాక పులుసు పెట్టుకుందురు గాని."

అందరం పడీపడీ నవ్వాం. అమ్మా నవ్వింది, కానీ గూట్లో పళ్ళెం వైపు చూసి ఆగిపోయింది. "మళ్ళీ వేస్తావు కదూ?" అంది. వేస్తానన్నాను. ఆ వారంలోనే ఉద్యోగం రమ్మంది, వెళ్ళిపోయాను. "పళ్ళేనికేం తొందరండీ, ఉంచండి" అనేవారట పిన్నిగారు. తర్వాత వాళ్ళు కొట్టు ఎత్తేసి పాలకొల్లు వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి ఆవిడ పోయారని కబురొచ్చింది. పళ్ళెం మాత్రం మా గూట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు అమ్మ రాజమండ్రిలో మా దగ్గరే ఉంటోంది. బాల్కనీలో గొట్టాల్లో నీళ్ళు పారించి, మట్టి లేకుండానే టమాటాలు కాయించాను. మొన్న తొలికాపు కోసి, అమ్మ ఆ పళ్ళెంలోనే సర్దింది. కొంగు కప్పుకుని, అలవాటుగా గుమ్మం దాటి ఆగింది. ఎదురుగా లిఫ్టు ఉంది.

"ఎవరికియ్యనురా?" అంది.

మట్టి లేకుండా పండిస్తానని ప్రగల్భాలు పలికిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. పండించాడు పాపం. కాకపోతే పిన్నిగారు వెళ్ళిపోయాక.