బోర్డు తిప్ప కాదు, సాంబ తిప్ప

గుడివాడ బస్టాండులో ఆరుంబావుకి పామర్రు బస్సు ఎక్కాను. చేతిలో గుడ్డసంచి, అందులో మంచినీళ్ళ సీసా, తువ్వాలు, పేపర్లోంచి చింపుకున్న చిన్న ముక్క. ఈ ప్రయాణానికి ఆ ముక్కే కారణం. వారం క్రితం సెలూన్లో నా వంతు కోసం కూర్చుని పాత పేపరు తిరగేస్తుంటే కనిపించింది. దివిసీమలో కృష్ణ సముద్రంలో కలిసే చోట ఒక ఇసుక తిప్పకు, సైన్యంలో చనిపోయిన అక్కడి జవాను పేరు పెట్టారట. జవాను ఫొటో, దాని కింద ఇసుకలో పాతిన నీలం బోర్డు, బోర్డు పక్కన దండలతో జనం.

నేను ముప్పై ఏళ్ళు సర్వే ఆఫీసులో మ్యాపులు గీసినవాణ్ణి. ఆ కోస్తా షీటు కూడా నా చేతి మీదుగానే వెళ్ళింది. చివరనున్న తిప్పలకు చుక్కలు పెట్టి వదిలేశాను, ఒక్కదానికీ పేరు రాయలేదు. రోడ్డుకి మనిషి పేరు పెట్టడం చూశాను, బడికి పెట్టడం చూశాను. నదీ సముద్రమూ కలిసి పోసిన ఇసుకకి పెడితే ఆ పేరు నిలుస్తుందా? అనుమానం వచ్చాక ఊరుకోవడం నాకు చేతకాదు. రిటైరయినా పేర్ల పిచ్చి వదల్లేదని మా ఆవిడ విసుక్కుని, టిఫిను దారిలో తినమని పంపేసింది.

ఏడింటికి పామర్రులో అవనిగడ్డ బస్సు దొరికింది. కిటికీ పక్కన సీటు. కూచిపూడి, మొవ్వ, చల్లపల్లి దాటేదాకా రెండు వైపులా వరి. అవనిగడ్డలో దిగి నాలుగు ఇడ్లీ తిని, కోడూరు బస్సు పట్టుకున్నాను. కోడూరు నుంచి పాలకాయతిప్పకు ఆటో. సీట్లు నిండేదాకా బయల్దేరనని ఆటో అతను ముందే చెప్పాడు. నిండేలోగా పేపరు ముక్క చూపించి ఈ తిప్ప తెలుసా అని అడిగాను. అతను ఫొటో చూసి, "బోర్డు తిప్పేగా, తెలుసండి" అన్నాడు.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. కొత్త చోటికి పేరు రాయాలంటే అక్కడి మనుషులు ముగ్గురిని విడివిడిగా అడగాలి. ముగ్గురూ ఒకే మాట అంటే అదే రాయాలి, కాగితాల్లో ఏమున్నా సరే. ఆ అలవాటు కొద్దీ వేలు మడిచాను. పాలకాయతిప్పలో దిగేసరికి తొమ్మిదిన్నర. టీ బంకు దగ్గర టీ తాగుతూ బంకాయన్ని కూడా అదే అడిగాను. ఆయన గ్లాసులు కడుగుతూ తలెత్తకుండానే బోర్డు తిప్ప అన్నాడు. రెండో వేలు మడిచాను.

రేవులో పడవలు అప్పుడే వస్తున్నాయి. చేపల వేలం పాట పెట్టేది ఒక ఆడమనిషి. నలభై అయిదేళ్ళుంటాయి, కొంగు నడుముకి బిగించింది, పేరు నాగమణి. జవాను అక్కగారు ఆవిడేనని బంకాయన చెప్పాడు. ఒక కుర్రాడు గంప తెచ్చి ఆవిడ ముందు దించాడు. బొంత చేపలు, రెండు పండుగప్పలు. ఎక్కడ పడ్డాయని ఆవిడ అడిగింది. ఆ మాట అడిగాకే పాట మొదలవుతుంది, కొనేవాళ్ళకు చేప ఏ నీళ్ళదో తెలియాలి కదా.

"బోర్డు తిప్ప కాడయి అత్తా" అన్నాడు కుర్రాడు.

నాగమణి పాట ఎత్తుకోలేదు. గంప పక్కనే చతికిలబడి సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. కొనడానికి వచ్చినవాళ్ళు గొణిగారు. ఒకాయన ఐసు కరిగిపోతోందని గోల పెట్టాడు. ఆవిడ కదల్లేదు. కుర్రాడు తల గోక్కుని, "సాంబ తిప్ప కాడయి" అన్నాడు. అప్పుడు లేచి గొంతు సవరించుకుని పాట ఎత్తుకుంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఎందుకు నవ్వానా అనిపించింది.

పాట అయ్యాక దగ్గరకెళ్ళి ఫలానా అని చెప్పుకున్నాను. ఆవిడ నన్ను నీడలో కూర్చోబెట్టి సంగతంతా చెప్పింది. తమ్ముడు సాంబశివరావు, అందరికీ సాంబ. నాన్న పడవలో వెళ్ళి, ఆటు సమయంలో ఆ తిప్ప బయటపడగానే దిగి దాని చుట్టూ పరిగెత్తేవాడట. మెత్తటి ఇసుకలో పరిగెత్తితే గ్రౌండులో కాళ్ళు తేలికవుతాయని ఎవరో చెప్పారట. అలాగే ఆర్మీ సెలక్షన్ కొట్టాడు. ఆరేళ్ళు చేశాక సరిహద్దులో మంచుచరియ విరిగి మీద పడింది. సముద్రం ఒడ్డున పుట్టినవాడు మంచు కింద పోయాడంది.

పంచాయతీ వాళ్ళు రోడ్డుకి పేరు పెడతామన్నారు. ఈవిడ వద్దంది. ప్రభుత్వం మారితే రోడ్డు పేర్లు మారతాయి, తిప్ప జోలికి ఎవరూ రారని ఆవిడ లెక్క. బందరులో బోర్డు రాయించి తెచ్చి పాతారు, పేపర్లో వచ్చింది. అయితే ఏరు సముద్రంలో కలిసే ఆ మొగలో ఉన్న తిప్పలన్నిట్లోకీ బోర్డున్నది అదొక్కటే. పడవల వాళ్ళు గుర్తుగా బోర్డు తిప్ప అనడం మొదలెట్టారు.

"ఆడి పేరు రాసిన బోర్డుకి పేరొచ్చింది అన్నయ్యగారూ. ఆడికి రాలేదు" అంది.

పోటు ఎక్కకముందే వెళ్ళి రావాలని, ఆవిడే పోతురాజు అనే పడవ మనిషిని పిలిచి నన్ను పంపించింది. పదిన్నరకి బయల్దేరాం. ఇంజను పడవ, కూర్చోవడానికి అడ్డ చెక్క. మడ చెట్లు దాటి మొగలోకి వచ్చేసరికి ఒక పక్క నది రంగు, ఒక పక్క సముద్రం రంగు. అరగంటకి పోతురాజు ఇంజను ఆపి చెయ్యి చూపించాడు.

"అదేనండి బోర్డు తిప్ప."

మూడో వేలు మడవక తప్పలేదు. పోతురాజు నాలుక కరుచుకుని, నాగమణితో చెప్పొద్దని బతిమాలాడు. నేను తిప్ప వైపు చూస్తున్నాను. తెల్లటి ఇసుక, ఎర్ర పీతలు, నాలుగు పక్షులు. బోర్డు ఎక్కడయ్యా అంటే, పోయినేడు గాలివానకి కొట్టుకుపోయిందన్నాడు. తిప్ప కూడా సగం కోసుకుపోయి, ఇవతల వైపు కొత్తగా మేట వేసిందట. అంటే ఫొటోలో జనం నిలబడ్డ చోట ఇప్పుడు నీళ్ళు. బోర్డు లేదు, పాతిన ఇసుకా లేదు, బోర్డు తిప్ప అన్న మాట మాత్రం ఉంది. నాకు ఒళ్ళు మండింది. దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, తిప్ప చుట్టూ ఒకసారి నడిచాను. పావుగంట పట్టింది, పిక్కలు లాగేశాయి. దీని చుట్టూ పరిగెత్తినవాడు మామూలువాడు కాదు.

పన్నెండున్నరకి రేవు చేరాం. నాగమణి ఇంట్లో అన్నం, చేపల పులుసు పెట్టింది. తిన్నాక చెయ్యి కడుక్కుంటుంటే అడిగింది, మీరు మ్యాపులు రాసినోళ్ళు కదా, మా వాడి పేరు ఎక్కుద్దా అని. ఎక్కుతుందని ఒక మాట అనేస్తే పోయేది. పులుసు తిన్న నోటితో అబద్ధం రాలేదు. ముగ్గురిని అడిగే పద్ధతి చెప్పాను. పొద్దుటి నుంచి ముగ్గురిని అడిగాననీ, ముగ్గురూ ఏమన్నారో కూడా చెప్పాను. పోతురాజు పేరు మాత్రం ఎత్తలేదు. ఇవాళ కొలతలకి మనుషులొస్తే బోర్డు తిప్ప అనే రాసుకుంటారన్నాను.

ఆవిడ నా ఎంగిలి కంచం తీసి కడగడం మొదలెట్టింది. అనవసరంగా నోరు జారానని నేను కుమిలిపోతున్నాను.

"ఆ వచ్చేవాళ్ళు ఏ ముగ్గుర్ని అడుగుతారో నాకు తెలవదు కదండీ" అంది చివరికి. "అందుకే అందరి చేతా అనిపిస్తన్నా."

ముప్పై ఏళ్ళు ఆ పద్ధతి పాటించిన నాకు దానిలో ఇంత పని ఉందని తెలియదు. ఆవిడ కొంగు బిగించుకుని రెండో విడత పడవల కోసం రేవుకి వెళ్ళిపోయింది.

వెళ్ళాలనుకునేవారికి రెండు మాటలు. ఆటు ఎప్పుడో ముందు రోజే కనుక్కోండి, పోటులో వెళితే తిప్ప కనిపించదు. అక్కడ నీడ లేదు, నీళ్ళు దొరకవు. రేవులో సాంబ తిప్ప అని అడగండి. తెలియదంటే మళ్ళీ అదే మాట అడగండి.

అవనిగడ్డలో మూడింటికి బస్సు దొరికింది. నా పక్కన పెడన ఆయన, కలంకారీ దుప్పట్ల మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చల్లపల్లిలో దిగి బందరు బస్సు పట్టుకోవాలట. ఎక్కడి నుంచి రాక అని అడిగాడు. సాంబ తిప్ప నుంచి అన్నాను.

"ఎవరండీ సాంబ?"

చెప్పడం మొదలెట్టాను. పరుగు చెప్పాను, మంచు చెప్పాను, గంప ముందు చతికిలబడ్డ అక్కగారి సంగతి చెప్పాను. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు మెడలు తిప్పి విన్నారు. చల్లపల్లి వచ్చిందని కండక్టరు రెండుసార్లు కేకేస్తేగాని ఆయన లేవలేదు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి చూశాను. మూట కాళ్ళ మధ్య పెట్టుకుని, ఫోను చెవికి ఆనించి ఎవరితోనో గట్టిగా మాట్లాడుతున్నాడు.

"లేదే, ఇప్పుడే చల్లపల్లిలో దిగా. ఇదిగో విను, దివిసీమలో సాంబ తిప్ప అని ఒకటుందంట..."